ఒక బడిపంతులు – ఒక పోలీసు జట్టు

వాక్యభాగము: 2 తిమోతి 2:1–7



ఈ వర్తమానమును రేడియోలో విన్నవారిలో కొందరు, "అయ్యగారూ, ఫుట్‌బాల్ మీద ప్రసంగమేమిటి?" అని నన్ను అడిగారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు చెప్పే ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి ఒక్క నిమిషము నిలబడండి. తల ఎత్తితే బోర్డులే బోర్డులు. గ్రూప్స్ కోచింగ్, బ్యాంకు కోచింగ్, ఎస్సై, కానిస్టేబుల్ కోచింగ్, సాఫ్ట్‌వేర్ కోర్సులు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్ నుండి మన బిడ్డలు వచ్చి, హాస్టలులో ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు సర్దుకుని చదువుకుంటారు. చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీ నగర్ వరకు ఇదే వరస. ఇక్కడ సంఘము నడిపే ప్రతి కాపరికిని ఈ బిడ్డలు తెలుసు. ఆదివారము వస్తారు, వెనుక బల్ల మీద కూర్చుంటారు, ఆశీర్వాదము కాగానే వెళ్లిపోతారు.

అట్టి బిడ్డ ఒకడు మా సంఘమునకు వచ్చేవాడు. కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధపడుతున్నాడు. తెల్లవారుజామున సరూర్‌నగర్ వైపు ఒక మైదానములో పరుగు సాధన చేసి, తరువాత తోటివారితో ఫుట్‌బాల్ ఆడేవాడు. ఒక ఆదివారము ఆరాధన మొదలైన అరగంటకు, బురద బూట్లతో, చెమట చొక్కాతో లోపలికి వచ్చాడు. నేను ప్రసంగము ఆపి, వేదిక మీద నుండే, "బంతి వెంట పరుగెత్తేవారికి పరలోకము వెంట పరుగెత్తే తీరిక ఎక్కడిది?" అన్నాను. సంఘమంతా నవ్వింది. ఆ బిడ్డ కూడా తల వంచుకుని నవ్వాడు. మరుసటి ఆదివారము రాలేదు. ఆ తరువాత ఆదివారమూ రాలేదు.

కొన్ని నెలల తరువాత కొత్తపేట కూరగాయల బండి దగ్గర కనబడ్డాడు. "ఏం బాబూ, మందిరానికి రావడం లేదేం?" అన్నాను. వాడు కోపపడలేదు. "అయ్యగారూ, రహీం సాబ్ మన ఊరివారే, మీకు తెలుసా?" అన్నాడు. నాకు తెలియదు. "సినిమా కూడా వచ్చింది అయ్యగారూ," అని నమస్కారము పెట్టి వెళ్లిపోయాడు. 2024లో అజయ్ దేవగన్ నటించిన 'మైదాన్' అనే హిందీ చిత్రము గురించి వాడు చెప్పాడని తరువాత తెలిసింది. సెమినరీలో మూడు భాషలలో వేదాంతము చదివినవాడను, నేను నివసించే పట్టణపు చరిత్ర ఆ బిడ్డకు తెలిసినంత కూడ నాకు తెలియకపోయెను. అప్పుడు చదవడం మొదలుపెట్టాను. చదివినది మీతో పంచుకుంటున్నాను.

మందిరములో పుట్టిన బంతి

మొదట నన్ను ఆశ్చర్యపరచినది ఇంగ్లాండు దేశపు చరిత్ర. ఈనాడు కోట్ల కోట్ల రూపాయలతో నడుస్తున్న అక్కడి పెద్ద పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులలో చాలావాటికి పుట్టిల్లు ఏదనుకుంటున్నారు? సండేస్కూలు, బైబిలు తరగతి, చర్చి ఆవరణము!

1874లో బర్మింగ్‌హామ్ దగ్గర విల్లా క్రాస్ వెస్లియన్ చాపెల్‌కు చెందిన యౌవనస్థులు, చలికాలములో క్రికెట్ ఆడలేక, ఫుట్‌బాల్ జట్టు కట్టుకున్నారు. అదే ఆస్టన్ విల్లా. వారి మొదటి పోటీ రగ్బీ ఆడే ఒక చర్చి జట్టుతోనే జరిగింది. సగము సేపు రగ్బీ నియమములతో, మిగతా సగము ఫుట్‌బాల్ నియమములతో ఆడారు. 1878లో లివర్‌పూల్ పట్టణములో సెయింట్ డొమింగో మెథడిస్టు చాపెల్ పిల్లలు ఒక జట్టు కట్టారు. మరుసటి సంవత్సరమే అది ఎవర్టన్ అయినది. 1885లో సౌతాంప్టన్ పట్టణపు సెయింట్ మేరీస్ చర్చి యౌవనుల సంఘము పెట్టిన జట్టును నేటికిని 'సెయింట్స్' అనగా పరిశుద్ధులు అనే పిలుస్తారు.

మాంచెస్టరు సంగతి వినండి. వెస్ట్ గార్టన్ అనే పేట ఫ్యాక్టరీ కార్మికులది. పని లేక, త్రాగుడుకు, వీధి కొట్లాటలకు అలవాటుపడిన మగవారిని చూచి అక్కడి సెయింట్ మార్క్స్ చర్చి కాపరి ఆర్థర్ కానెల్, ఆయన కుమార్తె అన్నా, సంఘపు పెద్దలు బాధపడ్డారు. వారి కొరకు కూటములు పెట్టారు, ఆటలు పెట్టారు. 1880 నవంబరులో ఆ చర్చి జట్టు మొదటి ఫుట్‌బాల్ పోటీ ఆడింది. ఎదుటి జట్టు కూడా ఒక బాప్టిస్టు చర్చిదే. మనవాళ్లు 2–1 తేడాతో ఓడిపోయారు! ఆ చిన్న చర్చి జట్టే పేర్లు మారుతూ మారుతూ 1894లో మాంచెస్టరు సిటీ అయినది.

అయితే బోల్టన్ సంగతి దగ్గర నేను చదవడం ఆపి చాలాసేపు కూర్చున్నాను. 1874లో అక్కడి క్రైస్ట్ చర్చి సండేస్కూలు పిల్లలు తమ బడిపంతులు థామస్ ఆగ్డెన్ నాయకత్వములో జట్టు కట్టారు. సంఘకాపరిగారే అధ్యక్షులు. తాను లేకుండా ఒక్క సమావేశము కూడ జరుగరాదని ఆయన పట్టుపట్టారు. పిల్లలు మూడు సంవత్సరములు ఓర్చుకున్నారు. 1877లో చర్చిని విడిచి బయటికి వెళ్లిపోయారు. ఆడుకోవడానికి స్థిరమైన చోటు లేక తిరిగారు గనుక 'వాండరర్స్', అనగా తిరుగాడువారు, అని పేరు పెట్టుకున్నారు. 1888లో పన్నెండు క్లబ్బులతో ఇంగ్లాండు ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు ఆ పన్నెండింటిలో ఆస్టన్ విల్లా ఉన్నది, ఎవర్టన్ ఉన్నది, బోల్టన్ వాండరర్స్ కూడ ఉన్నది. క్లబ్బు బాగుపడింది. ఆ పిల్లలను పోగొట్టుకొన్నది మాత్రము సంఘము.

ఆ కాపరి పేరు వెదుకుతూ చదివితే నా ముఖము అద్దములో చూచుకున్నట్టయినది.

ఖాకీ దుస్తులవారు

ఇక మన పట్టణమునకు వద్దాము. ఇంగ్లాండు క్లబ్బులు చర్చిలో పుడితే, మన హైదరాబాదు గొప్ప జట్టు పోలీసు శాఖలో పుట్టింది. 1939లో నిజాము కాలమున హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఏర్పడింది. డబ్బున్న జట్టు కాదు, కలకత్తా జట్లకున్నంత పేరూ లేదు.

1950లో ఈ జట్టు రెండు పెద్ద బహుమతులు గెలిచింది. ఒకటి ఆ కాలమున బొంబాయిలో జరుగుతుండిన రోవర్స్ కప్పు. అది 1891లో మొదలైన పోటీ. రెండవది డ్యూరాండ్ కప్పు. 1888లో సిమ్లాలో మొదలైన ఈ పోటీ ఆసియాలోకెల్ల పాతది. ఆ సంవత్సరము డ్యూరాండ్ చివరి పోటీలో మనవారు ఓడించినది కలకత్తా మోహన్ బగాన్ జట్టును. 1911లో చెప్పులు లేని కాళ్లతో ఆంగ్లేయ సైనికుల జట్టును ఓడించి దేశమంతటా పేరుపొందిన జట్టు అది. అటువంటి జట్టును హైదరాబాదు పోలీసులు ఓడించారు.

అంతటితో ఆగలేదు. 1950, 1951, 1952, 1953, 1954. వరుసగా ఐదు సంవత్సరములు రోవర్స్ కప్పు బొంబాయి నుండి హైదరాబాదుకే వచ్చింది. డ్యూరాండ్ కప్పు 1954లోను, 1957లోను మరల గెలిచారు. రాష్ట్రముల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956–57లోను, 1957–58లోను వరుసగా గెలుచుకున్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ఏర్పడిన తరువాత ఈ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టు అయినది. ఆ పేరుతో 1961లో మరల డ్యూరాండ్ గెలిచింది.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, మొయినుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్. ఈ పేర్లు మన పిల్లలకు ఎవరు చెప్పారు? నాకైతే ఎవరూ చెప్పలేదు. ఎల్బీ స్టేడియము ముందు నుండి ఎన్నిసార్లు వెళ్లి ఉంటాను! పూర్వము దానికి ఫతే మైదాన్ అని పేరు. మన ఎల్బీ నగరుకు ఏ లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరో, ఆ మైదానమునకు కూడ ఆయన పేరే పెట్టారు. ఇక్కడ ఎవరు ఆడారని ఒక్కనాడును నేను అడుగలేదు.

బడిపంతులు

ఈ జట్టు వెనుక ఉన్న మనుష్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు, ఫుట్‌బాల్ ఆడారు. వృత్తి చేత బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలులోను, చాదర్‌ఘాట్ హైస్కూలులోను పాఠములు చెప్పారు. దిల్‌సుఖ్‌నగర్ నుండి కోఠీకి వెళ్లే మనలో ప్రతివాడును చాదర్‌ఘాట్ వంతెన దాటుతాడు. ఆ ప్రక్కనే పిల్లలకు పాఠము చెప్పిన పంతులుగారు భారతదేశమును ఒలింపిక్సు సెమీఫైనలు వరకు నడిపించారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘపు కార్యదర్శిగా పనిచేశారు. 1950 నుండి తన మరణము వరకు పోలీసు జట్టుకు శిక్షకుడుగా ఉన్నారు. అదే కాలములో భారత జట్టును కూడ తయారుచేశారు.

ఆయన పద్ధతి ఎట్టిది? ముఖ్యమైన సంగతులు రెండు చెబుతాను.

మొదటిది, బలహీనమైన కాలు. మనలో చాలామందికి కుడికాలే బలము. ఎడమకాలితో బంతి తన్నితే ఎటో పోతుంది. రహీంగారు ఒక పోటీ పెట్టేవారు. అందులో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలి. మంచి ఆటగాడు కూడ మొదట చిన్నపిల్లవానివలె తడబడేవాడు. జనము నవ్వేవారు కాబోలు. కానీ కొన్నాళ్లకు రెండు కాళ్లును సమానమయ్యేవి.

రెండవది, బంతిని తన దగ్గరే పెట్టుకోకపోవడం. ఒక్కడే బంతిని కాళ్ల మధ్య ఉంచుకొని నలుగురిని దాటి పోతే చూచేవారికి ముచ్చటే. రహీంగారు దానిని నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి వచ్చింది, తోటివానికి ఇవ్వాలి. వెంటనే ఇవ్వాలి. ఆట ఎవని గొప్ప కొరకును కాదు, జట్టు కొరకు.

ఇంకొక సంగతి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే పేద యువకుడు ఉండేవాడు. 1936లో పుట్టినవాడు. పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవాని చేత సరిచేయించుకొని వాటితో ఆడేవాడు. ఒక పోటీలో రహీంగారి కన్ను అతనిపై పడింది. శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుండి హైదరాబాదుకు రోజూ రావడానికి దారి ఖర్చు లేదన్నాడు. అద్దె సైకిలుకని రహీంగారు రోజుకు ఒక రూపాయి ఇచ్చారని బలరామ్‌గారు పెద్దవారైన తరువాత కూడ చెప్పుకొనేవారు. ఆ యువకుడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సుకు వెళ్లాడు. 1960లో రోమ్ ఒలింపిక్సులో హంగేరీ మీద, పెరూ మీద గోల్ చేశాడు. 1962లో అర్జున పురస్కారము పొందాడు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశారు.

ప్రియులారా, దేవుడు పిలిచినవాని దారి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? సమరయుని ఉపమానములో గాయపడినవానిని పూటకూళ్ల ఇంట చేర్చి, ఖర్చు తానే పెట్టుకొన్నవాడు ఎవరో మీకు తెలుసు. యాజకుడు కాదు, లేవీయుడు కాదు. మన ప్రభువు బయటివానిని చూపించి లోపలివారికి పాఠము నేర్పెను. రహీంగారు ముస్లిము. మన విశ్వాసము వేరు, ఆ సంగతి నేను దాచడం లేదు. అయితే మాన్యమైనదేదో, ఖ్యాతిగలదేదో దానిమీద మనస్సు నిలుపుమని ఫిలిప్పీ సంఘమునకు వ్రాసిన పౌలు మాటకు లోబడి, ఆ పంతులుగారి దగ్గర నేర్చుకొనుటకు నేను సిగ్గుపడను.

ఓటమి, గెలుపు

రహీంగారి జీవితములో గెలుపులు మాత్రమే లేవు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారత జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి బంగారు పతకము గెలిచింది. మరుసటి సంవత్సరమే 1952లో హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయింది. పది గోల్స్! మనవారిలో చాలామంది చెప్పులు లేని కాళ్లతో ఆడారు. అక్కడి చలికి, ఆ నేలకు ఆ ఆట నిలువలేదు. దేశమంతా సిగ్గుపడింది. ఆ తరువాత మన దేశములో బూట్లు తప్పనిసరి అయినవి.

నాలుగు సంవత్సరములకు, 1956లో, అదే గురువు మరల జట్టును తీసుకొని మెల్‌బోర్న్ వెళ్లారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా భారతదేశము ఆస్ట్రేలియాను వారి గడ్డ మీదనే 4–2తో ఓడించింది. ఒలింపిక్సు ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. అక్కడ ఎదురైనది మరల యుగోస్లావియాయే. ఈసారి 4–1. తరువాత బల్గేరియా చేతిలో ఓడి నాలుగవ స్థానములో నిలిచారు. పది గోల్స్ తిన్నవారు నాలుగేళ్లలో ఎంత దూరము వచ్చారో చూడండి. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, బలరామ్ వంటి హైదరాబాదు బిడ్డలు ఆ జట్టులో ఉన్నారు.

చివరగా 1962, జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీంగారి శరీరమును క్యాన్సరు తినివేస్తున్నది. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయారు. దానికితోడు ఇజ్రాయేలును, తైవాన్‌ను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడా అధికారి ఒకరు ప్రశ్నించినందున అక్కడి జనము మన దేశము మీద మండిపడుచుండిరి. రక్షణలో ఆడే జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపరు పీటర్ తంగరాజ్‌కు జ్వరము.

సెప్టెంబరు 4న చివరి పోటీ. ఎదుట అదే దక్షిణ కొరియా. నిండిన స్టేడియములో జనమంతా మనకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండగా, రహీంగారు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రక్షణ నుండి తీసి ముందు వరుసలో గోల్ చేయడానికి నిలబెట్టారు. పి.కె. బెనర్జీ ఒక గోల్ కొట్టాడు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్ రెండవది కొట్టాడు. 2–1. బంగారము మనది. పోటీకి ముందు రాత్రి తన ఆటగాళ్లను దగ్గరకు పిలిచి, నాకొక కానుక కావాలని, ఆ పతకమే ఇమ్మని గురువుగారు అడిగారని ఆ ఆటగాళ్లు వృద్ధులైన తరువాత కూడ కన్నీళ్లతో చెప్పుకున్నారు.

ఇంటికి తిరిగివచ్చిన రహీంగారు 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయనకు అప్పటికి యాభై మూడు సంవత్సరములు. ఆ తరువాత నేటివరకు భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆసియా క్రీడలలో మరొక బంగారు పతకము రాలేదు.

తరువాత ఏమైనది?

ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు 1963లో రోవర్స్ కప్పు గెలిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము సంతోష్ ట్రోఫీ గెలిచింది. గురువు వేసిన విత్తనము ఇంకా కొంతకాలము పంట ఇచ్చిందన్నమాట. తరువాత మెల్లమెల్లగా వెలుగు తగ్గింది. మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు తరలిపోయారు. బలరామ్ సైతము ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. పిల్లలు క్రికెట్ వైపు తిరిగారు. బడులలో ఆటస్థలములు తగ్గాయి. ఖాళీ స్థలమున్నచోట అపార్టుమెంట్లు లేచాయి. మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతములే దానికి సాక్ష్యము. రహీంగారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం వాయుసేనలో పనిచేస్తూ ఆడాడు, తరువాత ఎందరికో నేర్పాడు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము పొందాడు. ఆయన 2021లో వెళ్లిపోయారు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అను కొత్త క్లబ్బు వచ్చింది. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కూడ గెలిచింది. పట్టణము సంతోషించింది. 2025లో ఆ క్లబ్బు చేతులు మారి, పేరు మారి, ఢిల్లీకి వెళ్లిపోయింది. డబ్బుతో జట్టును కొనవచ్చును, కప్పు కూడ గెలువవచ్చును. కానీ వేరు లేని చెట్టు ఎంతకాలము నిలుచును? గురువు నుండి శిష్యునికి, శిష్యుని నుండి మరొక శిష్యునికి అందినదే ఊరిలో నిలుస్తుంది.

మనకు ఏమి పాఠము?

ఇప్పుడు వాక్యభాగము తెరవండి. పౌలు చెరలో ఉన్నాడు, మరణము దగ్గరపడింది. తన కుమారునివంటి తిమోతికి వ్రాస్తూ, తన యొద్ద విన్నదానిని నమ్మకమైనవారికి అప్పగించుమని, వారు ఇతరులకు నేర్పవలెనని రెండవ వచనములో చెబుతున్నాడు. లెక్కపెట్టండి. పౌలు ఒక తరము, తిమోతి రెండవ తరము, నమ్మకమైనవారు మూడవ తరము, ఆ ఇతరులు నాలుగవ తరము. ఒక్క వచనములో నాలుగు తరములు! ఆ వెంటనే సైనికుని గూర్చి, పందెములో పోరాడువాని గూర్చి, కష్టపడే వ్యవసాయకుని గూర్చి చెబుతున్నాడు. ఖాకీ తొడిగినవాడు, మైదానములో ఆడేవాడు, విత్తనము వేసేవాడు, ముగ్గురును మన కథలో ఉన్నారు.

మొదటి పాఠము: మన బలహీనమైన కాలు ఏది? కొందరికి ప్రసంగము బలము, పరామర్శ బలహీనము. కొందరికి పాటలు బలము, ఇచ్చుట బలహీనము. నాకు మాట్లాడుట బలము, వినుట బలహీనము. ఆ బలహీనమైన కాలితో కొన్నాళ్లు నడిచి చూద్దాము. తడబడతాము. నలుగురు నవ్వవచ్చును. పరవాలేదు.

రెండవ పాఠము: బంతిని తోటివానికి ఇయ్యండి. పెద్దలారా, కాపరులారా, మనము లేకుండా ఒక్క కూటము జరిగితే ఏమి నష్టము? యౌవనస్థుల చేతికి ఒక ఆదివారపు ఆరాధన అప్పగించి మనము వెనుక బల్ల మీద కూర్చుంటే ఏమి? బోల్టన్ పిల్లలు చర్చిని విడిచినది విశ్వాసము లేక కాదు. ఊపిరి ఆడక.

మూడవ పాఠము: రోజుకొక రూపాయి. ఈనాటి లెక్కలో అది ఒక హాస్టలు బిడ్డకు ఆదివారము మధ్యాహ్నము మన ఇంట భోజనము కావచ్చును, పరీక్ష రుసుము కావచ్చును, మెట్రో టిక్కెట్టు కావచ్చును. కోచింగ్ సెంటర్లు నిండిన ఈ వీధులలో మన బిడ్డలకు పాఠము చెప్పేవారికి కొదువ లేదు. వారి కొరకు ఖర్చు పెట్టుకునేవారు, వారి పేరు పెట్టి పిలిచేవారు కావాలి. ఫలితములు వచ్చిన రోజున పేరు లేని బిడ్డ గదిలో తలుపు వేసుకొని ఒంటరిగా కూర్చుంటాడు. ఆ తలుపు తట్టేవాడెవడు? అమ్మానాన్నలు వంద మైళ్ల దూరములో ఉన్నారు. మన మందిరము రెండు వీధుల అవతల ఉన్నది. ఆ రోజున వాడు మందిరమునకు వచ్చుటకు ధైర్యము చేస్తాడా, లేక మనము నవ్విన నవ్వు గుర్తు తెచ్చుకొని ఆగిపోతాడా? ప్రియులారా, ఇది ఆట సంగతి కాదు. ప్రాణముల సంగతి.

ఆ బాబు ఫోను నంబరు సంపాదించి మాట్లాడాను. "బాబూ, ఆ రోజు నేను అన్న మాట తప్పు. నన్ను క్షమించు," అన్నాను. కొంచెము సేపు మాట లేదు. తరువాత, "అయ్యో, అట్లా అనకండి అయ్యగారూ," అన్నాడు. రేపు ఆదివారము రమ్మని నేను అడుగలేదు. మీరు ఎన్నింటికి ఆడతారని అడిగాను.

ఇప్పుడు వారములో ఒక్క రోజు, శనివారము తెల్లవారుజామున, నేను ఆ మైదానమునకు వెళ్తున్నాను. నలభై దాటిన కాపరి, గట్టు మీద కూర్చొని చూస్తాడు. ఒకసారి బంతి నా వైపు వస్తే తన్నాను. ఎటో పోయింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మందిరములోని నవ్వువంటిది కాదు. ఆ బాబు ఇంకా మా ఆరాధనకు రాలేదు. వచ్చునా రాడా నాకు తెలియదు. ఎదురుచూడడం నేర్చుకుంటున్నాను. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి చేసినది అదే గదా. వాడు ఇంకను దూరముగా ఉండగానే చూచినవాడు ఆ తండ్రి. దూరము చూచే కన్ను ప్రభువు మనకు దయచేయును గాక.

ప్రార్థన చేసుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, నీ నామమునకు స్తోత్రము. మా నోటి మాట వలన నీ మందిరము నుండి దూరమైన బిడ్డలను జ్ఞాపకము చేసుకొనుము. హాస్టలు గదులలో ఒంటరిగా చదువుకొనుచున్న ప్రతి కుమారుని, ప్రతి కుమార్తెను కాపాడుము. మేము పొందినదానిని దాచుకొనక, తరువాతి తరమునకు అప్పగించు నమ్మకమైన సేవకులనుగా మమ్మును చేయుము. మా బలహీనతలో నీ బలము కనుపరచుము. ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.